కొలత దగ్గరే కోత: ఉత్తర తెలంగాణలో అవినీతి, ప్రభుత్వ ఖజానా

ప్రవేశిక

అవినీతి ప్రభుత్వ ఖజానాను ఎలా దెబ్బతీస్తుందన్న ప్రశ్నకు దేశాలను పోల్చిన అధ్యయనాలు చాలాకాలంగా జవాబు చెబుతున్నాయి. వీటో టాంజీ, హమీద్ దావూదీ 1997లో అంతర్జాతీయ ద్రవ్యనిధి కోసం రాసిన పత్రంలో, అవినీతి ఎక్కువున్న చోట రాబడి తగ్గుతుందని, కొత్త నిర్మాణాలపై ఖర్చు పెరుగుతుందని, కట్టినవాటి నిర్వహణకు మాత్రం డబ్బు మిగలదని చూపారు. అభివృద్ధిలో ఒకే స్థాయి దేశాలను పోల్చి చూస్తే, అవినీతి అతి తక్కువగా ఉన్నవి అతి ఎక్కువగా ఉన్నవాటికంటే స్థూల దేశీయోత్పత్తిలో 4 శాతం మేర అదనంగా పన్నులు రాబడుతున్నాయని అదే సంస్థ 2019 ఏప్రిల్ నివేదిక లెక్కగట్టింది.

ఈ సగటులు నష్టం ఎంతో చెబుతాయి. అది ఏ దశలో, ఏ కాగితం మీద జరుగుతుందో తెలియాలంటే జిల్లా స్థాయికి రావాలి. ఉమ్మడి కరీంనగర్ నుంచి రాబడికి, ఉమ్మడి ఆదిలాబాద్ నుంచి ఖర్చుకు చెందిన ఒక్కో ఉదాహరణను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రెండు చోట్లా గండి పడేది కొలత దగ్గరేనన్నది దీని వాదన.

కరీంనగర్: రావలసి రాని రాబడి

కరీంనగర్ గుట్టల్లో దొరికే టాన్ బ్రౌన్ గ్రానైట్‌కు విదేశీ మార్కెట్లలో పేరుంది. క్వారీలో కోసిన దిమ్మెను కొలిచి, ఆ కొలతను బట్టి సీనరేజి (ఖనిజానికి ప్రభుత్వం వసూలు చేసే రుసుము) కట్టించుకుని గనుల శాఖ పర్మిట్ ఇస్తుంది. ఆ తర్వాత సరుకు రైలు వ్యాగన్లలో కాకినాడ వంటి ఓడరేవులకు చేరుతుంది. అంటే ఒకే రాయికి క్వారీలో ఒక లెక్క, రైల్వేలో ఒక లెక్క, రేవులో మరో లెక్క ఉంటాయి.

ఈ లెక్కలు పొసగడం లేదని 2013లో విజిలెన్స్, ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగం తేల్చింది. ఎగవేసిన సీనరేజి దాదాపు రూ.125 కోట్లని, నిబంధనల ప్రకారం అయిదు రెట్ల జరిమానాతో కలిపి సుమారు రూ.749 కోట్లు వసూలు చేయాలని లెక్కగట్టింది. 2022 నవంబరులో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ కరీంనగర్, హైదరాబాద్‌లలో సోదాలు చేసింది. సీనరేజి కట్టిన పరిమాణం కంటే ఎగుమతైన పరిమాణం ఎక్కువని, చైనా, హాంకాంగ్ కొనుగోలుదారుల నుంచి రావలసిన సొమ్ములో కొంత లెక్కల్లో చూపిన ఖాతాలకు చేరలేదని ప్రకటించింది. ఇవి దర్యాప్తు సంస్థల అభియోగాలే. వ్యక్తుల నేరాన్ని తేల్చడం ఈ వ్యాసం పని కాదు. వ్యవస్థ గురించి మాత్రం ఒక మాట చెప్పవచ్చు. పర్మిట్ మీద ప్రభుత్వ ఉద్యోగి సంతకం ఉంటుంది. తక్కువ కొలత ఏళ్ల తరబడి చెల్లుబాటు అయిందంటే అందుకు నిర్లక్ష్యమైనా కారణం కావాలి, కుమ్మక్కైనా కావాలి.

ఈ నష్టానికి ఇంకో ముఖం ఉంది. ఈ ఏడాది ఎగ్గొట్టిన పన్నును వచ్చే ఏడాది అదే వ్యాపారం నుంచి రాబట్టుకునే వీలుంటుంది. కరిగిపోయిన గుట్ట మాత్రం మళ్లీ మొలవదు. కాబట్టి ఇక్కడ పోయింది రాబడి ఒక్కటే కాదు, ప్రజల ఆస్తి కూడా. 2015 చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధికి జమయ్యే వంతు సీనరేజిని బట్టే ఉంటుంది. కొలత తగ్గితే దుమ్ము, పేలుళ్లు భరించే ఊళ్లకు దక్కవలసిన వాటా కూడా తగ్గుతుంది.

ఆదిలాబాద్: ఖర్చయినా చేరని కూలి

ఊళ్లలో కరువు పని అని పిలిచే ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో మొదలైన తొలి 200 జిల్లాల్లో ఆదిలాబాద్, కరీంనగర్ రెండూ ఉన్నాయి. ఇక్కడ కొలత అంటే మస్టరు అనే హాజరు పట్టిక, తవ్విన మట్టిని నమోదు చేసే కొలతల పుస్తకం. పనికి రాని మనిషి పేరు మస్టరులోకి ఎక్కినా, కూలి చేతికి అందేలోపు కోత పడినా, బడ్జెట్‌లో ఆ సొమ్ము ఖర్చు కిందే కనిపిస్తుంది. లోటు పెరగదు, ఖాతా సరిగ్గానే ఉంటుంది, కూలీ ఇంట్లో మాత్రం డబ్బుండదు.

దీన్ని పట్టుకున్న అధ్యయనం కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్‌లది. కూలి చెల్లింపు కోసం వేలిముద్రలతో పనిచేసే స్మార్ట్‌కార్డులను అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఆదిలాబాద్ సహా ఎనిమిది జిల్లాల్లోని 157 మండలాల్లో లాటరీ పద్ధతిన వరుస నిర్ణయించి ప్రవేశపెట్టారు. ప్రభుత్వ రికార్డుల్లోని చెల్లింపులను, కూలీల ఇళ్లకు వెళ్లి అడిగిన లెక్కలతో సరిచూశారు. ఉపాధి హామీలో సొమ్ము దారి మళ్లడం 41 శాతం తగ్గింది. ప్రభుత్వ ఖర్చులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. కూలీల చేతికందిన మొత్తం పెరిగింది. అవినీతిని అరికట్టడమంటే ఖర్చు తగ్గించడమేనన్న వాదన ఇక్కడ నిలవదు. అదే రూపాయి ఎక్కువ పని చేస్తుంది.

చర్చ

పట్టుకోవడంతో పని పూర్తికాదు. 2006-10 మధ్య అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది జిల్లాల్లో ఉపాధి హామీ పనులపై జరిగిన సామాజిక తనిఖీ నివేదికలను ఫర్జానా ఆఫ్రిదీ, వెగార్డ్ ఐవర్సన్ పరిశీలించారు. కూలికి సంబంధించిన అక్రమాలు కొంత తగ్గినా, కనిపెట్టడం కష్టమైన సామగ్రి బిల్లుల్లో పెరిగాయని గమనించారు. శిక్షలు, రికవరీలు బలహీనంగా ఉండడమే ఇందుకు ముఖ్య కారణమని వారి విశ్లేషణ. 2013 నాటి గ్రానైట్ లెక్కల మీద 2022లోనూ సోదాలు జరగడం చెప్పేదీ అదే. వసూలు కాని జరిమానా ఖజానాకు ఆదాయం కాదు, తప్పు చేసేవారికి ధైర్యం.

ముగింపు

లెక్క రాసేవాడే దాన్ని సరిచూసేవాడైతే దోపిడీకి దారి దొరుకుతుంది. స్మార్ట్‌కార్డుల ఫలితం మనకు తెలిసింది కూడా, ప్రభుత్వ కాగితానికి ఎదురుగా కూలీ మాటను పెట్టి చూసినందువల్లే. గ్రానైట్‌లోనూ క్వారీ పర్మిట్లు, రైల్వే రవాణా, రేవు ఎగుమతుల పరిమాణాలను నెలనెలా పక్కపక్కనే ప్రచురించాలి. సామాజిక తనిఖీలో తేలిన సొమ్ములో ఎంత రికవరీ అయిందో గ్రామసభలో చదివి వినిపించాలి. ఇందుకు కావలసిన రికార్డులు ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉన్నాయి. వాటిని ప్రజల ముందు ఎదురెదురుగా పెట్టనంతకాలం, సంక్షేమానికి డబ్బు లేదని చెప్పే నైతిక అర్హత ఏ ప్రభుత్వానికీ ఉండదు.