బాయి నుంచి బడికి: బెల్లంపల్లిలో ఇంజనీరింగ్ తొలి పాఠాలు

ఇంజనీరింగ్ అన్న మాట బెల్లంపల్లి బడుల్లో వినిపించడానికి చాలా ముందే ఆ విద్యకు చెందిన యంత్రాలు ఊరి వాకిట్లో నడిచాయి. భూవిజ్ఞాని విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు పొరలను గుర్తించగా, 1889లో అక్కడ మొదలైన తవ్వకం కాలక్రమంలో గోదావరి దాటి ఉత్తరాన బెల్లంపల్లి దాకా విస్తరించింది. కాజీపేట–బల్హార్షా రైలుమార్గం 1929 నాటికి పూర్తికావడంతో బెల్లంపల్లి బొగ్గుకు దూరపు గిరాకీ కూడా అందుబాటులోకి వచ్చింది. కార్మికులు గనిని బాయి అంటారు. ఆ బాయిలో తట్టా చెమ్మస్‌తో, అంటే గంపా పారలతో, బొగ్గు నింపే ఫిల్లర్ ఇంటి పిల్లవాడు, టబ్బు అనే ఇనుప తొట్లను ఉక్కుతాడుతో వాలు మీదికి లాగే హాలర్‌ను రోజూ చూస్తూ పెరిగాడు. అయితే యంత్రాన్ని చూడటం వేరు, దాని లెక్క తెలియడం వేరు.

ఆ లెక్కను చాలాకాలం నేర్పింది బడి కాదు, సర్టిఫికెట్ల నిచ్చెన. గనిలో ఒక భాగం భద్రతకు బాధ్యుడైన సర్దార్, అతనిపై పర్యవేక్షకుడైన ఓవర్‌మన్, ఆపైన మేనేజర్, ఇలా ప్రతి మెట్టుకూ గనుల భద్రతా శాఖ పరీక్ష ఉండగా, వీటన్నిటికీ పునాది గ్యాస్ టెస్టింగ్. భద్రతా దీపపు వత్తిని తగ్గించి పట్టుకున్నప్పుడు గాలిలో మీథేన్ ఉంటే మంటపై లేతనీలి టోపీ ఏర్పడుతుంది, దాని ఎత్తును బట్టి శాతాన్ని అంచనా వేస్తారు. గాలిలో 5 నుంచి 15 శాతం మీథేన్ పేలుడుకు చాలు కనుక, ఆ నీలిరంగును పోల్చుకోలేని కంటికి బాయిలో పెత్తనం దక్కదు. కొలత, పరిశీలన, నిర్ణయం ఒక్క దీపంలో కలిసిన ఈ పాఠానికి సాటివచ్చే ప్రయోగం ఏ ఉన్నత పాఠశాల ప్రయోగశాలలోనూ ఉండేది కాదు.

బడి వైపు నుంచి ప్రయత్నాలు లేకపోలేదు. మొదలియార్ కమిషన్ 1952–53లో సూచించిన బహుళార్థసాధక పాఠశాలల్లో సాంకేతిక విద్య ఒక శాఖగా ఉండేది. కొఠారీ కమిషన్ 1966 నివేదికలో పని అనుభవాన్ని పాఠ్యక్రమంలో భాగం చేయమంది. రెండూ ఆశయాలుగా గొప్పవే గాని, పనిముట్లూ వాటిని వాడటం నేర్పే ఉపాధ్యాయులూ లేని బడుల్లో అవి ఎక్కువగా కాగితంపైనే మిగిలాయి. పదో తరగతి తర్వాత నేరుగా చేరే పాలిటెక్నిక్ డిప్లొమా మాత్రం నిలబడింది. బెల్లంపల్లిలోనూ ప్రభుత్వ పాలిటెక్నిక్ వచ్చింది. గనుల చట్టానికి 1983లో చేసిన సవరణ 18 ఏళ్లు నిండనివారిని గని పనిలోకి తీసుకోరాదని చెబుతూనే, 16 దాటిన అప్రెంటిస్‌లు, శిక్షణార్థులు తగిన పర్యవేక్షణలో పనిచేయడానికి వీలు కల్పించింది. ఆ విధంగా కూలికి మూసిన వయసులోనే చదువుకు బాయి తలుపు తెరిచే ఉంది.

2008లో, బెల్లంపల్లి కూడా ఉన్న ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోనే బాసరలో వెలసిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పదో తరగతి మార్కులే ప్రాతిపదికగా, ప్రభుత్వ బడుల పిల్లలకు కొంత అదనపు వెయిటేజీ ఇచ్చి, ఆరేళ్ల సమీకృత కోర్సులో చేర్చుకుంది. అందులో మొదటి రెండేళ్లు ఇంటర్‌కు సమానమైనవి, తర్వాతి నాలుగేళ్లు బీటెక్. మరోవైపు బెల్లంపల్లి సాంఘిక సంక్షేమ గురుకులంలో ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలకు ప్రత్యేక శిక్షణ వచ్చింది. ఇప్పుడు పిల్లవాడికి ఇంజనీరింగ్ మొదట పరిచయమయ్యేది హాలర్ చప్పుడుగా కాదు, ర్యాంకుగా. పాత భూగర్భ గనులు చాలావరకు మూతపడిన ఊరికి ఇది తప్పనిసరే కావచ్చు. అయినా మైనింగ్ డిప్లొమా పొందినవారికి ఓవర్‌మన్ పరీక్షకు కావలసిన అనుభవ కాలాన్ని తగ్గించిన నిబంధనలు, గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్ నుంచి మాత్రం వారికి మినహాయింపు ఇవ్వలేదు.