బెంగకు మందు: ఉత్తరం నుండి యాప్ వరకు



కళాశాలలలో కొత్త విద్యార్థులు చేరే కాలమిది. చర్ల, దుమ్ముగూడెం మండలాల అటవీ పల్లెల నుండి భద్రాచలం వంతెన దాటి కొత్తగూడెం, ఖమ్మం, హైదరాబాదు చేరుకొనే పిల్లలలో చాలామందిని మొదటి నెలలోనే ఒక బాధ పట్టుకొంటుంది. మన ఇళ్లలో దానికి ఏనాటినుండో ఒక పేరుంది: బెంగ. వైద్యశాస్త్రం మాత్రం 1688లో గాని దానికి పేరు పెట్టలేదు. స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో యోహానెస్ హోఫర్ అనే 19 ఏళ్ల వైద్య విద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలో 'నాస్టాల్జియా' అనే మాటను సృష్టించాడు. అతడు వర్ణించిన రోగులలో ఒకడు చదువుకోసం బెర్న్ నుండి బాసెల్ వచ్చిన యువకుడే. దిగులుతో మొదలై, విడువని జ్వరం పట్టుకొని, బ్రతకడనుకొన్న దశకు చేరాడు. ఇంటికి పంపుతామనగానే కాస్త కుదుటపడ్డాడు. బెర్న్ చేరకముందే కోలుకొన్నాడు.

ఈ వృత్తాంతాన్ని నేను చాలా ఆలస్యంగా చదివాను. చదివిన రోజున నాకు గుర్తుకు వచ్చినవాడు ఒక కోయ పిల్లవాడు. 1980లలో నేను ప్రభుత్వ వైద్యునిగా పనిచేస్తున్నప్పుడు, డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతూ హాస్టల్ నుండి మూడుసార్లు నా వద్దకు వచ్చాడు. కడుపునొప్పి, నిద్ర లేదు, అన్నం సయించదు. అడవి ప్రాంతపు బిడ్డ కనుక మలేరియా అనుకొని రక్తపరీక్ష చేయించాను. ఏమీ లేదు. బి-కాంప్లెక్స్ మాత్రలు వ్రాసి పంపాను. నాలుగవసారి అతడు రాలేదు. చదువు మానుకొని ఊరికి వెళ్లిపోయాడని తరువాత తెలిసింది. ఆ హాస్టల్లో అతనితో కోయ మాట్లాడేవారు ఒక్కరూ లేరట. "ఊరు గుర్తుకు వస్తోందా?" అని నేను ఒక్కసారైనా అడగలేదు. మా రోజులలో మనోవ్యాధుల విభాగంలో శిక్షణ కొద్ది రోజులే. అయినా అది సాకు కాదు.

ఆనాడు ఇంటికీ హాస్టలుకూ నడుమ ఉన్న సాధనం ఇన్‌లాండ్ ఉత్తరమొక్కటే. చదువురాని తల్లిదండ్రులకు అదీ లేదు. దూరం నుండి మాటతో ఆదుకొనే ప్రయత్నం అప్పటికే వేరేచోట్ల మొదలైంది. 1953లో లండన్‌లో చాడ్ వరా అనే మతాచార్యుడు ఆత్మహత్య ఆలోచనలో ఉన్నవారి కోసం టెలిఫోన్ సేవ ప్రారంభించాడు. అదే 'సమారిటన్స్' అయింది. మన పొరుగున చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో 'స్నేహ' సంస్థను స్థాపించారు.

యంత్రమే మాట్లాడటం మరొక పాయ. 1966లో అమెరికాలో జోసెఫ్ వైజెన్‌బామ్ 'ఎలైజా' అనే కంప్యూటర్ ప్రోగ్రాం వ్రాశాడు. అది మనం చెప్పిన మాటనే ప్రశ్నగా త్రిప్పి అడిగేది, అంతకుమించి దానికేమీ తెలియదు. అయినా ఆయన కార్యదర్శి దానితో మాట్లాడుతూ, కాసేపు గదిలోనుండి వెళ్లమని ఆయననే కోరిందట! ఆ వింత ఆయనను సంతోషపెట్టలేదు, కలవరపెట్టింది. అర్ధశతాబ్దం తరువాత 2016లో బెంగుళూరు నుండి 'వైసా', మరుసటి ఏడాది అమెరికా నుండి 'వోబాట్' వచ్చాయి. 2017లో 18–28 ఏళ్ల యువతీయువకులు 70 మందిపై రెండు వారాలు జరిపిన పరీక్షలో వోబాట్ వాడినవారికి కుంగుబాటు లక్షణాలు కొంత తగ్గాయి. మంచిదే. కాని 70 మంది, రెండు వారాలు అన్న అంకెలను మరువకండి. ఆ వోబాట్ యాప్‌ను 2025లో మూసివేశారు కూడా. నమ్ముకొన్న నేస్తం ఒకనాడు తలుపు వేసుకొంటే ఆ పిల్లల సంగతి ఏమిటి?

మన ప్రభుత్వం 2022 అక్టోబరు 10న 'టెలీ మానస్' ప్రారంభించింది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. సరిగ్గా రెండేళ్లకు దాని యాప్ వచ్చింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ఇటువంటి సహాయ నంబర్లను హాస్టళ్లలో, తరగతులలో కనబడేలా వ్రాయాలనీ, 100 మంది లేదా అంతకుమించి విద్యార్థులున్న విద్యాసంస్థలో అర్హత గల కౌన్సిలర్ ఉండాలనీ ఆదేశించింది. మీ పిల్లలను చేర్చేటప్పుడు ఫీజుతోపాటు ఈ రెండూ అడగండి.

నా అభిప్రాయం అడిగితే, నిద్ర, మనఃస్థితి రోజూ నమోదు చేసుకొనుటకూ, శ్వాస అభ్యాసాలకూ యాప్ ఉపకరిస్తుంది. అర్ధరాత్రి సిగ్గు లేకుండా నాలుగు మాటలు చెప్పుకోవచ్చు. చనిపోవాలన్న తలంపు వస్తే మాత్రం యాప్‌తో ఆగకూడదు. అప్పుడు మనిషి గొంతు వినాలి, మనిషి ప్రక్కన ఉండాలి. పైగా కోయలో బదులిచ్చే చాట్‌బాట్‌ను నేనింతవరకు చూడలేదు. చర్ల అవతల సిగ్నల్ ఒక్క గీతకు పడిపోయే చోట డేటా కావలసిన యాప్ కన్నా, బటన్ ఫోన్‌తోనూ కలిసే 14416 నమ్మదగినది.

క్రిందటి వారం మా ప్రక్కింటి మనుమరాలు కొత్తగూడెంలో చేరుతూ చెప్పి పోవడానికి వచ్చింది. ఆ నంబరు ఫోన్లో వేసుకోమన్నాను. వేసుకొంది గాని, "తాతయ్యా, రూమ్మేట్స్ చూస్తే ఏమనుకొంటారో! 'అత్తమ్మ' అని సేవ్ చేసుకోనా?" అని అడిగింది. అలాగే చేసుకోమన్నాను.