గట్టు మీద గాలి, గట్టు కింద వాడ: నంద్యాల జిల్లా గాలిమరలు, దళితుల భూమి హక్కు

నంద్యాల, ఆళ్లగడ్డ రెండూ కుందూ లోయలో ఉన్న ఊళ్లు. తూర్పున నల్లమల, పడమర ఎర్రమల. గాలిమరకు కావలసింది ఎత్తు, అడ్డులేని గాలి. అందుకే జనం ‘ఫ్యాన్లు’ అని పిలిచే ఈ మరలు బేతంచర్ల, డోన్ వైపు గుట్టల మీదికి వచ్చాయి. 2022 మే 17న ఓర్వకల్లు మండలం గుమ్మితం తండా దగ్గర శంకుస్థాపన చేసిన పిన్నాపురం ప్రాజెక్టు మొత్తం 5,230 మెగావాట్లు. అందులో సోలార్ 3,000, గాలి 550, నీటిని పైకి తోడి నిల్వచేసే పంప్డ్ స్టోరేజీ 1,680. 2024లో వచ్చిన రాష్ట్ర క్లీన్ ఎనర్జీ విధానం ఇంతకు ఎన్నో రెట్లు పెద్ద లక్ష్యాలు పెట్టుకుంది. కాబట్టి ఈ భూమి ప్రశ్న ఇప్పట్లో ముగిసేది కాదు.

గాలి కరెంటుకు మేము వ్యతిరేకం కాదు. బొగ్గు బూడిద పడేదీ పేదల ఇళ్ల మీదే. మా ప్రశ్న ఒక్కటే: గట్టు మీద డబ్బు పుడుతుంటే గట్టు కింద వాడకు దక్కుతున్నదేమిటి?

దీనికి జవాబు భూమి పంపిణీ చరిత్రలో ఉంది. కాలువ కింది నల్లరేగడి ఏనాడో పెద్ద రైతుల చేతుల్లో ఉంది. ప్రభుత్వం దళితులకు ఇచ్చిన డీకే పట్టాలు చాలాచోట్ల మిగిలిన రాళ్ల భూములు, వాలు భూములు, వంక పక్క చెలకలు. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ నుంచి ఈ పట్టాలు అమ్మరాదన్న షరతుతోనే వచ్చాయి. ఎవరికీ అక్కరలేని ఆ గుట్టకే ఇప్పుడు గాలి వల్ల విలువ వచ్చింది.

ఇక్కడే చట్టం రెండు దారులుగా చీలుతుంది. సొంత పట్టా ఉన్న రైతు కంపెనీకి భూమి అమ్ముకోవచ్చు, లేదా లీజుకిచ్చి ఏటా డబ్బు తీసుకోవచ్చు. అసైన్డ్ భూమి సంగతి వేరు. 1977 అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ‘బదలాయింపు’ అన్న మాటలో అమ్మకం, తాకట్టుతో పాటు లీజును కూడా చేర్చింది. పేదల భూమిని పెద్దలు కాజేయకుండా పెట్టిన కాపలా అది; మాకు దాని మీద గౌరవమే. కానీ ప్రాజెక్టు వచ్చినప్పుడు ప్రభుత్వం ఆ భూమిని వెనక్కి తీసుకుని కంపెనీకి ఇవ్వగలదు. అప్పుడు అసైనీకి దక్కేది ఒకేసారి ఇచ్చే పరిహారం. పక్క చేను పట్టాదారుకు మాత్రం పాతికేళ్ల కౌలు.

ఆ ఒక్కసారి పరిహారం కూడా దయగా ఇచ్చేది కాదు. మేకల పాండు కేసులో 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డ్ భూమిని ప్రజావసరానికి వెనక్కి తీసుకుంటే పట్టా భూమి యజమానితో సమానంగా మార్కెట్ విలువ, సొలేషియం చెల్లించాలని చెప్పింది. ‘ఇది సర్కారు భూమే కదా’ అని ఏ అధికారి అన్నా ముందు ఈ తీర్పు చూపించాలి. 2023 సవరణ ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు పూర్తి హక్కులిచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక, ఫ్రీహోల్డ్ అయిన ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టారు. ఇలాంటి సందిగ్ధంలోనే దళారులు తెల్ల కాగితం మీద అగ్రిమెంట్లతో వస్తారు. సంతకం పెట్టే ముందు పట్టా ఎవరి పేరుతో, ఏ ఏడాది ఇచ్చారో చూసుకోవాలి.

ఆళ్లగడ్డ వైపు లెక్క వేరు. అక్కడ కేసీ కెనాల్ ఆయకట్టు. దళితులు ఎక్కువగా కౌలుదారులు, కూలీలు. భూమి కంపెనీకో, కరెంటు లైనుకో పోతే చెక్కు పట్టాదారుకు వస్తుంది. కోత కూలి పోయిన ఇంటికి ఏమీ రాదు. 2013 భూసేకరణ చట్టం మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న కూలీలను, కౌలుదారులను కూడా ‘ప్రభావిత కుటుంబాలు’ అంటుంది. కంపెనీ నేరుగా లీజు రాసుకుంటే సేకరణే జరగదు, ఆ నిర్వచనం పనికి రాదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే యజమాని సంతకం కావాలి. నోటిమాట కౌలులో ఆ సంతకం దొరకడం ఎంత కష్టమో పల్లెల్లో అందరికీ తెలుసు.

ఊరిని అడిగే ఘట్టమైనా ఉందా అంటే, అదీ లేదు. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో గాలిమరలు లేవు. కాబట్టి పర్యావరణ అనుమతి పేరుతో బహిరంగ విచారణ జరగదు. కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో ఇవి ‘వైట్’ కేటగిరీ. అటవీ భూమి అయితేనే వేరే అనుమతులు, గ్రామసభ వస్తాయి. గుట్ట రికార్డుల్లో ‘బంజరు’ అని ఉంటే అదీ లేదు.

మిగిలిన ఒక మంచి ఆయుధం 2016 అక్టోబర్‌లో కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు. శబ్దం దృష్ట్యా ఏ నివాసానికైనా 500 మీటర్ల లోపు మర పెట్టకూడదని అవి చెబుతాయి. ఎస్సీ వాడ ఎప్పుడూ ఊరి అంచునే ఉంటుంది. కొలత ఊరి నడుమ చావడి నుంచి కాక, వాడలో చివరి ఇంటి గోడ నుంచి మొదలవ్వాలి. టేపు పట్టుకునేటప్పుడు వాడ మనిషి అక్కడ ఉండాలి.

బంజరు అన్న పేరు ఎంత నష్టం చేస్తుందో ఉమ్మడి అనంతపురం జిల్లా కల్పవల్లి చూపించింది. టింబక్టు కలెక్టివ్‌తో కలిసి పల్లెలవాళ్లు 1990ల నుంచి కాపాడి పెంచిన గుట్టలు అవి. రికార్డుల్లో మాత్రం బంజరు. నల్లకొండ గాలి ప్రాజెక్టు వచ్చి మరల కోసం గుట్టలు కోసి రోడ్లు వేశారు. గడ్డి, వాననీటి దారులు దెబ్బతిన్నాయి. వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. మర అడుగుకు పోయే భూమి తక్కువే. నష్టమంతా దాని దగ్గరికి వేసే దారిలో ఉంది. మేకలు కాసుకునే వారికి, వంటచెరకు ఏరుకునే ఆడవాళ్లకు ఆ గుట్ట మీద కాగితం ఉండదు, కాబట్టి పరిహారం జాబితాలో పేరూ ఉండదు.

పక్షుల సంగతి. మహారాష్ట్ర సతారా జిల్లా చాల్కేవాడి పీఠభూమి మీద చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, మరలున్న చోట వేట పక్షులు దాదాపు నాలుగో వంతే కనిపించాయి. వాటికి ఆహారమైన తొండలు పెరిగాయి. మన జిల్లాలోని రోళ్లపాడు 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పడిన అభయారణ్యం. బరువైన ఆ పిట్టకు కరెంటు తీగలు తప్పించుకోవడం చేతకాదు. రాజస్థాన్, గుజరాత్‌లలో ఆ తీగల గురించే సుప్రీంకోర్టు దాకా కేసు నడిచింది. ఇక, ఫ్యాన్లు మబ్బుల్ని తరిమేస్తున్నాయన్న మాట రాయలసీమలో చాలాచోట్ల వింటాం. దానికి ఆధారం లేదు. ఆ మాట పట్టుకుంటే అధికారులు మన అసలు ఫిర్యాదును కూడా మూఢనమ్మకంగా కొట్టిపారేస్తారు.

పని చేయాలనుకునే విద్యార్థులు తహసీల్దార్ కార్యాలయంలో మొదలుపెట్టవచ్చు. సర్వే నంబర్లవారీగా అడంగల్, 1-బి, అసైన్‌మెంట్ రిజిస్టర్, 22-ఎ జాబితా సమాచార హక్కు కింద అడగాలి. లైన్ల విషయంలో కేంద్ర విద్యుత్ శాఖ 2024 జూన్ మార్గదర్శకాలు టవర్ కింది భూమికి విలువలో 200 శాతం, తీగల కింది పట్టీకి 30 శాతం సూచించాయి. పాత 85, 15 శాతాలతో సరిపెట్టబోతే ఇవి చూపించాలి. దళితుల స్వాధీనంలోని భూమిని అక్రమంగా ఆక్రమించినా, పంట పాడుచేసినా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఎఫ్), (జి) వర్తిస్తాయి. లీజు పత్రంలో ఇంకొకటి చూడాలి: మర ఆయువు సుమారు పాతికేళ్లు, దాని పునాది వందల క్యూబిక్ మీటర్ల కాంక్రీటు. గడువు తీరాక ఆ కాంక్రీటును ఎవరు, ఎవరి ఖర్చుతో తవ్వి తీస్తారో పత్రంలో రాసి ఉండాలి.