పెంపుడు కుక్కల పచ్చి మాంసాహారం: ఆరాంఘర్ పరిసరాల్లో రకాల ఎంపిక

పెంపుడు కుక్కకు వండని మాంసం, ఎముక, కార్జం వంటి అవయవాలను కొలతతో పెట్టే పద్ధతిని పచ్చి ఆహారం అంటారు. ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో రాసిన పుస్తకంతో ఇది ప్రపంచమంతా పాకింది. ఇందులో రకాలు మార్చడం రుచి కోసం కాదు. ఒక మాంసంలో లేని పోషకాన్ని ఇంకొకటి పూడుస్తుంది కాబట్టి మారుస్తారు. హైదరాబాద్ దక్షిణ శివారులోని ఆరాంఘర్ చుట్టుపక్కల ఈ పని సులువుగానే కనిపిస్తుంది. కోడి, మేక, గొర్రె, చేప, పెద్దకూర అన్నీ ఇక్కడ దొరుకుతాయి. చిక్కు దొరకడంలో లేదు, వాటిలో ఏది పచ్చిగా పెట్టవచ్చన్న దగ్గర ఉంది.

ప్రాంతం

మెహదీపట్నం నుంచి వచ్చే 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఆరాంఘర్ దగ్గర దిగుతుంది. అక్కడి నుంచి 44వ జాతీయ రహదారి శంషాబాద్ విమానాశ్రయం వైపు సాగుతుంది. పక్కనే ఉన్న రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల, పశువైద్య విశ్వవిద్యాలయంతో పాటు వనరాజా, గ్రామప్రియ రకాల కోళ్లను రూపొందించిన కోళ్ల పరిశోధన సంచాలకాలయం ఉన్నాయి. జాతీయ మాంస పరిశోధన సంస్థ నగరానికి ఇంకో కొసన, చెంగిచర్లలో ఉంది. కుక్క తిండి గురించి అడగడానికి ఇంత దగ్గరలో ఇన్ని చోట్లు ఉన్న పేటలు దేశంలో తక్కువ.

తోడేలు వాదం

పచ్చి ఆహారాన్ని సమర్థించేవారు కుక్కను తోడేలుతో పోలుస్తారు. పోలిక సగమే నిజం. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు ప్రతులు తోడేలులో కన్నా కుక్కలో బాగా ఎక్కువని స్వీడన్ శాస్త్రవేత్తలు 2013లో చూపించారు. మన పల్లెల్లో జొన్న గటక, మజ్జిగన్నం తిని మందలు కాచిన కుక్కలను చూసినవారికి ఇది వింత కాదు. కాబట్టి ఉడికించిన గుమ్మడికాయో, తోటకూరో, కాస్త అన్నమో కలిపితే పద్ధతి చెడిపోయినట్టు కాదు. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం, అమెరికా పశువైద్య సంఘం మాత్రం పచ్చి మాంసాన్నే వద్దంటాయి. సాల్మొనెల్లా, లిస్టీరియా వంటి సూక్ష్మజీవులు కుక్కకే కాదు, దాని గిన్నె కడిగేవారికీ అంటుకుంటాయన్నది వాటి అభ్యంతరం. పసిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చలేం.

కోడి ఒక్కటే పెడితే

చవకగా, వీధి వీధినా దొరుకుతుంది కాబట్టి చాలా ఇళ్లలో పచ్చి ఆహారమంటే కోడి మెడలు, కాళ్లు, స్కిన్‌తో కొట్టించిన ముక్కలే. ఆరు వారాల బ్రాయిలర్ ఎముక మెత్తగా ఉంటుంది, నమలడానికి అనువు. ముదురు నాటుకోడి ఎముక అంత తేలిక కాదు. ఉడికించిన ఎముక, ముఖ్యంగా బిర్యానీలో మిగిలినది, పెళుసుగా చీలి పేగులకు గుచ్చుకుంటుంది. దాన్ని ఏ కుక్కకూ వేయకూడదు.

కోడి మాంసంలో జింకు తక్కువ. కొవ్వులో ఒమేగా 6 ఎక్కువ, ఒమేగా 3 అంతంతమాత్రం. ఎముక లేని మాంసం ఏదైనా సరే, అందులో కాల్షియం కన్నా భాస్వరం సుమారు 15 రెట్లు ఎక్కువ. కుక్కకు కావలసింది భాస్వరానికి సమానంగా, లేదా రెట్టింపు దాకా కాల్షియం. అందుకే కందనకాయలు, బోన్‌లెస్ ముక్కలతో పెంచిన కూనల కాళ్లు వంకరపోతాయి.

వాడుకలో ఉన్న లెక్క 80 పాళ్లు కండ, 10 పాళ్లు ఎముక, 10 పాళ్లు అవయవాలు. గుండెకాయ, కందనకాయ కండ కిందికే వస్తాయి. అవయవాల్లో సగం కార్జం ఉండాలి. 20 కిలోల కుక్కకు రోజుకు 400 నుంచి 600 గ్రాముల తిండి అనుకుంటే, అందులో కార్జం 20 నుంచి 30 గ్రాములే. అంతకు బాగా మించితే విటమిన్ ఎ మోతాదు దాటవచ్చు. ఈ లెక్క గుర్తుపెట్టుకోవడానికి వీలుగా ఉంటుందే తప్ప సమతుల ఆహారానికి హామీ కాదు. దీన్ని తూచా తప్పకుండా పాటించినా విటమిన్ ఇ, అయోడిన్, మాంగనీసు తగ్గవచ్చు.

కోడి తర్వాత చేర్చదగినది పెద్దకూర. ఇక్కడ అది గేదె మాంసం. జింకు, ఇనుము దండిగా ఉంటాయి. కోడి కార్జంలో తక్కువగా ఉండే రాగి గేదె కార్జంలో సమృద్ధిగా ఉంటుంది. దుకాణంలో కుక్క కోసమని అడిగితే గొంతు గొట్టం, మెడ దగ్గర తీసిన తుక్కు కలిపి ఇచ్చేస్తారు. అందులో థైరాయిడ్ గ్రంథి ఉంటే, అది వారాల తరబడి తిన్న కుక్క బక్కచిక్కి, నిలకడ లేకుండా తిరుగుతుంది. గొంతు భాగాన్ని వదిలేయమని ముందే చెప్పాలి.

చేపల్లో సముద్రపు కవళ్లు ఒమేగా 3కి మంచివి. చెరువుల్లో పెంచే బంగారుతీగను మాత్రం పచ్చిగా పెట్టకూడదు. దానిలోని థయామినేజ్ అనే ఎంజైము విటమిన్ బి1ని నాశనం చేస్తుంది. ఉడికిస్తే ఆ ఎంజైము నశిస్తుంది.

మేక, గొర్రె అవయవాలు

ఈ ప్రాంతంలో అన్నిటికన్నా పెద్ద ముప్పు ఇదే. గొర్రె కార్జం మీద, ఊపిరితిత్తుల్లో నీటితో నిండిన తెల్లటి బుడ్డలు ఒక్కోసారి కనిపిస్తాయి. కటికాయన వాటిని కోసి పక్కన పడేస్తాడు, దుకాణం ముందున్న కుక్క నోట కరుచుకుంటుంది. అవి ఎకైనోకాకస్ అనే బద్దెపురుగు తిత్తులు. వాటిని తిన్న కుక్క పేగుల్లో పురుగులు పెరిగి, ఆరేడు వారాల్లో గుడ్లు మలంతో బయటికి వస్తాయి. ఆ గుడ్లు చేతుల ద్వారానో, కడగని కూరల ద్వారానో మనిషి కడుపులో చేరితే కాలేయంలో హైడాటిడ్ తిత్తి ఏళ్ల తరబడి పెరుగుతుంది. కుక్క మాత్రం హుషారుగానే ఉంటుంది, అనుమానం రాదు. బోనాలప్పుడు, బక్రీదుకు ఇళ్ల దగ్గరే కోతలు జరుగుతాయి కాబట్టి అవయవాల వ్యర్థాలు కుక్కల పాలు కావడం ఎక్కువ.

ఐస్‌లాండ్‌లో ఈ జబ్బు మీద ప్రచారం 1860లలో మొదలైంది. కుక్కలకు పచ్చి అవయవాలు అందకుండా చూడటం, బద్దెపురుగుల మందు వేయడం, ముఖ్యంగా ఈ రెండింటితో అక్కడ దాన్ని రూపుమాపారు. న్యూజిలాండ్ ఇదే దారిలో నడిచి 2002లో విముక్తి ప్రకటించుకుంది. కాబట్టి మేక, గొర్రె కార్జం, ఊపిరితిత్తులు పెట్టదలిస్తే అరగంట ఉడికించి పెట్టడమే మేలు. ఇక్కడ పచ్చి అన్న పట్టుదల విడవాలి. ఇంటి ఫ్రీజర్‌ను నమ్మడానికి లేదు. మైనస్ 20 డిగ్రీల్లో వారానికి పైగా గడ్డకట్టిస్తే తిత్తులు చస్తాయి గానీ, కరెంటు పోయి వచ్చే ఇళ్లలో ఆ చలి నిలకడగా ఉండదు. బ్యాక్టీరియా ఎలాగూ చావదు. బద్దెపురుగుల మందు ప్రాజిక్వాంటెల్ ఎన్ని వారాలకోసారి వేయాలో పశువైద్యుణ్ని అడగాలి.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. అలాంటి రోజుల్లో కోడిని కూడా వండే పెట్టాలి.

కలపకూడనివి, మార్చే తీరు

ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్మిస్ మూత్రపిండాలను పాడుచేస్తాయి. దానికి టార్టారిక్ ఆమ్లం కారణం కావచ్చని అమెరికా పశువైద్యులు 2021లో ప్రతిపాదించారు. ఆ ఆమ్లం చింతపండులోనూ పుష్కలం, కాబట్టి పులుసన్నం వేసే అలవాటు మానాలి.

కొత్త మాంసం ఒకసారికి ఒక్కటే, పాత తిండిలో కొంచెంగా మొదలుపెట్టి వారం పది రోజుల్లో పెంచుతారు. రెండు కొత్తవి ఒకేసారి ఇస్తే, దురద వచ్చినా విరేచనాలైనా ఏది పడలేదో తేలదు. మే నెలలో గడ్డకట్టిన మాంసాన్ని వంటగది గట్టు మీద కాక, మూతపెట్టిన స్టీలు గిన్నెలో ఫ్రిజ్ కింది అరలో కరగనివ్వాలి. కుక్క తినగా మిగిలింది అరగంటలో తీసేయాలి. మలం తెల్లగా, ఎండి సుద్దలా పొడిపొడిగా వస్తే ఎముక ఎక్కువైందని అర్థం. రెండు రోజులు ఎముక తగ్గించి, కండ పెంచి చూస్తారు. అప్పటికీ ముక్కుతూ ఇబ్బంది పడుతుంటే పశువైద్యుడికి చూపించాలి.