‘సహజ సువాసన’ అను మాట చరిత్ర

ఉద్యోగధర్మమున స్వస్థలములు వీడి దేశము నలుమూలల నివసించు మన తెలుగు కుటుంబములలోనికి రెండు విధములైన తినుబండారములు వచ్చుచుండును. మొదటిది, సెలవులకు పోయి వచ్చునపుడు అమ్మయో అత్తగారో కట్టి యిచ్చిన ఆవకాయ జాడీ, కందిపొడి డబ్బా. వాటిపై ఏ వ్రాతయు ఉండదు. చేసిన చేయి ఎవరిదో మనకు తెలియును గనుక వ్రాతతో పనిలేదు. రెండవది, అంగడిలో కొన్న బిస్కట్ల పొట్లము, ఐసుక్రీము డబ్బా, పండ్లరసపు సీసా. వాటిని చేసినవారెవరో మనము ఎరుగము. కావున వాటికి వ్రాత తప్పనిసరి. ఆ వ్రాతలో, చివరి పంక్తులలో, సన్నని అక్షరములతో ‘నేచురల్ ఫ్లేవర్స్’, అనగా సహజ సువాసన ద్రవ్యములు, అను మాట తరచుగా కనిపించును. అది చూచి మనము తృప్తిపడి పొట్లమును పిల్లల చేతికిత్తుము. ఆ మాట చెప్పునదేమి, చెప్పనిదేమి యని తెలియవలెనన్న దాని పుట్టుక తెలిసికొనవలెను. ఆ పుట్టుకను వివరించుటకు వెనిల్లా కాయ చరిత్ర చక్కని ఉదాహరణము.

వెనిల్లా ఆర్కిడ్ జాతికి చెందిన తీగ. దాని జన్మస్థలము మెక్సికో ప్రాంతము. అచ్చటి తోటోనాక్ జనులు దానిని పెంచిరి. అజ్తెక్ ప్రభువులు దానిని కాకావో పానీయములో కలుపుకొని త్రాగిరి. 16వ శతాబ్దమున స్పెయిను దేశీయులు దానిని ఐరోపాకు గొనిపోయిరి. తరువాత తీగ ఇతర ఖండములకు వ్యాపించినను, పూవులు పూచెనే గాని కాయలు మాత్రము కాయలేదు. పూవులోని పుప్పొడికిని కీలాగ్రమునకును నడుమ ఒక పలుచని పొర అడ్డముగా నుండుటయే దీనికి కారణము.

ఈ చిక్కు విప్పినవాడు పండితుడు కాడు. హిందూ మహాసముద్రములో, నాడు బూర్బన్ అనియు నేడు రియూనియన్ అనియు పిలువబడు ఫ్రెంచి ద్వీపమున, 1841లో, ఎడ్మండ్ అను పండ్రెండేండ్ల బానిస బాలుడు సన్నని పుల్లతో ఆ పొరను ఎత్తి, బొటనవ్రేలితో పుప్పొడిని కీలాగ్రమునకు అద్దెను. కాయ నిలిచెను. 1848లో ఆ ద్వీపమున బానిసత్వము రద్దయి అతడు స్వతంత్రుడై, ఆల్బియస్ అను ఇంటిపేరు పొందెను. అతని యుపాయముతో తోటల యజమానులు ధనవంతులైరి. అతడు మాత్రము 1880లో పేదవాడుగానే మరణించెను. నేటికిని తోటలలో ప్రతి పూవును మనిషి వ్రేళ్లతోనే, అది విచ్చిన పూటనే, అతడు చూపిన విధముననే ఫలింపజేయుదురు. పచ్చికాయకు వాసన లేదు. వేడినీట ముంచి, కంబళ్లలో చుట్టి, ఎండబెట్టి, నెలలకొలది మాగబెట్టిన తరువాతనే పరిమళము పుట్టును. ఇంత శ్రమ గలది గనుకనే దానికి అంత వెల.

వెల యెక్కువైన వస్తువుపై రసాయనికుల దృష్టి పడుట సహజము. 1858లో ఫ్రాన్సు దేశీయుడైన గోబ్లే వెనిల్లాలోని ముఖ్య సువాసన పదార్థమగు వెనిలిన్‌ను వేరు చేసెను. 1874లో జర్మనీలో టీమన్, హార్మన్ అను శాస్త్రజ్ఞులు దేవదారు జాతి చెట్ల రసమునుండి దానిని తయారుచేసిరి. హోల్జ్‌మిండెన్ నగరమున కర్మాగారము వెలసెను. 1930ల నాటికి కాగితపు మిల్లుల వ్యర్థద్రవమునుండియు, పిమ్మట పెట్రోలియం సంబంధ పదార్థములనుండియు అదియే లభించెను. కాయలో పుట్టినను, కొలిమిలో పుట్టినను వెనిలిన్ అణువు ఒక్కటే: ఎనిమిది కర్బన పరమాణువులు, ఎనిమిది ఉదజని, మూడు ఆమ్లజని. అయితే కాయలో వెనిలిన్ రమారమి నూటికి రెండు పాళ్లే. దానితోపాటు మరి యెన్నియో సూక్ష్మ పదార్థములు చేరినపుడే నిండు పరిమళము కలుగును.

చౌక సరకు వచ్చినవెంటనే మోసము కూడ వచ్చెను. రసాయనపు నీటిని అసలు వెనిల్లా సారమని అమ్మువారు బయలుదేరిరి. అమెరికాలో ప్రభుత్వ రసాయనికుడు హార్వే వైలీ చేసిన దీర్ఘకాలపు కృషి ఫలించి, 1906లో స్వచ్ఛాహార, ఔషధముల చట్టము వచ్చెను. కల్తీయే గాక, తప్పుడు పేరు వేయుట కూడ నేరమయ్యెను. 1938 చట్టము పదార్థముల పేర్లు లేబులుపై వేయవలెననెను గాని, ఒక మినహాయింపు నిచ్చెను: సుగంధ ద్రవ్యములను, సువాసనలను, రంగులను విడివిడిగా పేర్కొనక, ఆయా వర్గనామముతో చెప్పిన చాలును. తయారీదారులు తమ మిశ్రమమును వృత్తిరహస్యముగా భావింతురు. పదుల సంఖ్యలో పదార్థములున్నను లేబులుపై రెండే మాటలుండుటకు మూలమిదియే.

మన దేశమున 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టము, దాని తరువాత 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము ఈ విషయమును చేపట్టినవి. 2011 నిబంధనలు సువాసనలను మూడు తరగతులుగా విభజించెను. చెట్టుచేమలనుండి, ఒక్కొక్కప్పుడు జంతు పదార్థములనుండి, కేవలము భౌతిక ప్రక్రియలచే తీసినవి సహజములు. రసాయన విధానమున తయారైనను ప్రకృతిలోని దానితో అణుమాత్రము భేదము లేనివి సహజసమానములు. కర్మాగారపు వెనిలిన్ ఈ తరగతిది. సహజ పదార్థములలో కానరానివి కృత్రిమములు. వెనిలిన్ కంటె ఘాటైన ఇథైల్ వెనిలిన్ దీనికి ఉదాహరణము. ఐరోపా వారు 2008 నాటి శాసనమున సహజసమానమను మాటను తొలగించి, ఒక వస్తువు పేరుతో ‘సహజ’ యని వేసినచో ఆ సువాసనలో నూటికి 95 పాళ్లు ఆ వస్తువునుండియే రావలెనని నియమించిరి.

ఇచ్చట ఒక విచిత్రము గమనింపదగినది. వరి తవుడునుండి ఫెరులిక్ ఆమ్లమును తీసి, సూక్ష్మజీవులచే పులియబెట్టించి వెనిలిన్ తయారుచేయు పద్ధతి ఒకటి కలదు. అమెరికాలోను, ఐరోపాలోను అది సహజ సువాసనయే. వెనిల్లా కాయనుండి వచ్చినదని మాత్రము చెప్పుకొనరాదు. కావున ‘సహజ సువాసన’ యని యున్నంత మాత్రమున పొట్లముపై బొమ్మగా నున్న పండో కాయో లోపల ఉన్నదని తలపరాదు.

సహజమైనదెల్ల క్షేమకరమనుట కూడ పొరపాటే. ఒకప్పుడు నకిలీ వెనిల్లా సారములో కలిపిన కౌమరిన్, టోంకా గింజలలో సహజముగా నుండునది. ప్రయోగశాలలో జంతువుల కాలేయమునకు హాని చేయుట కనిపించి అమెరికా 1954లో దానిని నిషేధించెను. సాసఫ్రాస్ వేరులోని సాఫ్రోల్‌కు 1960లో అదే గతి పట్టెను. మన ఇండ్లలో పసిబిడ్డలకు మాటలు రావలెనని అరగదీసి నాకించు వస సంగతి చూడుడు. గడగడ మాటలాడువారిని వసపిట్ట లనుట మనకు వాడుక. ఆ వస కొమ్ములో నుండు బీటా అసరోన్ కారణముగా 1968లో అమెరికా దానిని ఆహారమునుండి తొలగించెను. మన నిబంధనలును కౌమరిన్‌ను, సాఫ్రోల్‌ను, బీటా అసరోన్‌ను సువాసనకు వాడరాదని చెప్పుచున్నవి. పుట్టుక వేరు, గుణము వేరు.

సువాసన ఒంటరిగా ప్రయాణము చేయదు. దానిని మోయుటకు ఒక ఆధారము కావలెను. మన ఇంగువయే సాక్షి. అంగడిలోని ముద్ద ఇంగువలో అసలు పాలతో బాటు పిండియు, జిగురును కలిసియుండును. అట్లే కర్మాగారపు సువాసనకు ఆల్కహాలు, నూనె, పిండి మొదలగునవి ఆధారములు. పైగా సహజ సువాసన మాంసము, చేప, గ్రుడ్డు, పాలు వీనినుండి కూడ రావచ్చును. శాకాహార నియమము గల ఇండ్లవారు ‘సహజ’ అను మాటను నమ్ముకొనక, ఆకుపచ్చ చుక్కను చూడవలెను. పాలు, గ్రుడ్లు, వేరుసెనగ మొదలైనవి పడని బిడ్డ ఇంటనున్నచో, ఎలర్జీ కలిగించు పదార్థములను గూర్చిన వాక్యమును తప్పక చదువవలెను.

ఇట్లనుటచే సహజమను మాటకు విలువ లేదని నా భావము కాదు. ఆ మాట నిజమైనచోట ఒక రైతు బ్రతుకు దానిపై ఆధారపడియున్నది. 2003 ప్రాంతమున వెనిల్లా వెల ఆకాశమునంటగా కేరళ, కర్ణాటక రైతులు ఆశతో తీగలు నాటిరి. వెల హెచ్చుటచే కొనువారు కృత్రిమము వైపు మరలిరి. మడగాస్కరు పంట కోలుకొనెను. ధర కూలగా పలువురు రైతులు తోటలు వదలుకొనిరి. కాయ సారమునకును, కర్మాగారపు సారమునకును లేబులుపై స్పష్టమైన భేదము లేనిచో నష్టపడునది కొనువాడొక్కడే కాదు, పండించువాడు కూడ.

‘సహజ’ అనునది పదార్థము ఎచ్చటనుండి వచ్చెనో చెప్పు మాటయే గాని, అది మంచిదని ఇచ్చు యోగ్యతాపత్రము కాదు. ఈ ఒక్క విషయము గుర్తున్నచో మనము మోసపోము. ఆవకాయ జాడీకి అమ్మ చేతివాటమే హామీ. చేసిన చేయి కనబడనిచోట, వ్రాసిన మాటయే ఆ చేతికి బదులు నిలువవలెను. ఆ మాటను నిజముగా వ్రాయించుట ప్రభుత్వపు పని. శ్రద్ధగా చదువుట మన పని.