పండుగ సినిమా అంటే ఏది?

సంక్రాంతి దగ్గర పడుతోందంటే మన ఇళ్లలో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి, సకినాలకు బియ్యం నానబోయడం. రెండోది, ఏ సినిమాకు పోదామన్న పంచాయితీ. మొదటి పని ఆడవాళ్లది. రెండోదాంట్లో మాత్రం ఇంటిల్లిపాదీ జొరబడతారు. పిల్లలు ఒక పేరు చెపుతారు, మరిది ఇంకొకటి చెపుతాడు. అత్తగారేమో "పండుగ పూట పండుగ సినిమా చూడాలి గాని, ఈ నరుక్కోవడాలేమిటి?" అంటారు. బాగానే ఉంది. మరి పండుగ సినిమా అంటే ఏది? పండుగకు విడుదలైనదా? పేరులో పండుగ ఉన్నదా? ముగ్గులూ గొబ్బెమ్మలూ చూపించినదా? ఈ సంగతి ఈ వేళ కాస్త తీరిగ్గా ఆలోచిద్దాం.

ఈ తగవు మనకొక్కరికే లేదండీ. అమెరికాలో క్రిస్మస్ సినిమా ఏదన్న దాని మీద ఇలాగే వాదించుకుంటారు. 'డై హార్డ్' అని ఒక సినిమా 1988 జులైలో, మంచి ఎండాకాలంలో వచ్చింది. ఒక పోలీసాయన క్రిస్మస్ ముందురోజు రాత్రి భార్యను చూడడానికి వస్తే, ఆమె పనిచేసే మేడను దొంగలు చుట్టుముడతారు. అది క్రిస్మస్ సినిమానా, తుపాకుల సినిమానా అన్నది ఈనాటికీ తేలలేదు. 1947లో వచ్చిన 'మిరాకిల్ ఆన్ థర్టీ ఫోర్త్ స్ట్రీట్' కథంతా క్రిస్మస్ తాతదే, కాని దాన్నీ వేసవిలోనే విడుదల చేశారు. ఇక 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' సరిగ్గా 1946 డిసెంబరులో వచ్చి, పెట్టిన డబ్బు కూడా రాబట్టలేకపోయింది. 1974లో దాని హక్కులను ఎవరూ పునరుద్ధరించలేదు. దాంతో టెలివిజన్ వాళ్లు ఏటా క్రిస్మస్‌కు దాన్ని వేయడం మొదలుపెట్టారు. ఇళ్లలో కూర్చుని చూసి చూసి, అందరూ దాన్ని తమ పండుగ సినిమా చేసుకున్నారు. అంటే విడుదల తేదీ ఒకటి, కథ ఒకటి, చూసేవాళ్ల అలవాటు ఒకటి. ఈ మూడూ వేరువేరు అన్నమాట.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. సినిమాలు సంక్రాంతికే ఎందుకు పోటీపడతాయి? వానకాలం వరి కోతలు అయి, వడ్లు అమ్ముడుపోయి, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులవి. బళ్లకు సెలవులు. ఆడపిల్లలు పుట్టింటికి, అల్లుళ్లు అత్తవారింటికి వస్తారు. ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఉగాది, దసరా, దీపావళి తిథిని బట్టి ఏటా మారతాయి. సంక్రాంతి సూర్యుణ్ణి బట్టి వచ్చే పండుగ గనుక జనవరి 14, 15 తేదీల్లోనే పడుతుంది. నిర్మాత ఏడాది ముందే లెక్క వేసుకోవచ్చు.

కాని తేదీ ఒక్కటే చాలదు. విజయా వారి 'మిస్సమ్మ' 1955 జనవరి 12న వచ్చింది. తమిళంలో తీసినది 14న, వాళ్ల పొంగల్‌కు వచ్చింది. ఉద్యోగం కోసం భార్యాభర్తలమని చెప్పుకున్న ఇద్దరి కథ అది. సావిత్రి అందులో మేరీ అనే క్రైస్తవుల ఇంటి పిల్ల. సంక్రాంతి వారంలో మన తల్లులు, అమ్మమ్మలు మేరీమాతను ప్రార్థించే నాయికను చూసి మురిసిపోయారే గాని, ఇదేం పండుగ సినిమా అని ఎవరూ అడగలేదు. 1977 జనవరి 14న 'దాన వీర శూర కర్ణ', 'కురుక్షేత్రం' ఒక్కరోజే వచ్చాయి. ఒకదాంట్లో రామారావుగారు కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు వేషాలూ తానే వేసి, దర్శకత్వమూ చేశారు. రెండోదాంట్లో కృష్ణ అర్జునుడు, శోభన్‌బాబు కృష్ణుడు. ఉత్తరాయణం కోసం భీష్ముడు అంపశయ్య మీద వేచి ఉన్నాడన్న మాట నిజమే. అయితే ఆ సంబంధం చూసుకుని ఎవరూ ఆ సినిమాలను సంక్రాంతికి తేలేదు. జనం వస్తారని తెచ్చారు.

పైగా ఆ రోజుల్లో ప్రింట్లు తక్కువ. ముందు హైదరాబాదు, విజయవాడ వంటి పెద్ద ఊళ్లలో ఆడాక గాని పెట్టెలు చిన్న ఊళ్లకు కదిలేవి కావు. సిద్దిపేట వంటి తాలూకా ఊళ్లకు సంక్రాంతి బొమ్మ వచ్చేసరికి ఒక్కోసారి ఉగాది పచ్చడి కూడా తినడం అయిపోయేది. తేదీనే ప్రమాణం అంటే, మనలాంటి ఊళ్లకు అప్పట్లో పండుగ సినిమాయే లేదని చెప్పుకోవాలి!

పోనీ, పేరును బట్టి చెప్పవచ్చునా? వెంకటేశ్ నటించిన 'సంక్రాంతి' 2005 ఫిబ్రవరి 18న, పండుగ వెళ్లిన నెల దాటాక వచ్చింది. మన సింగరేణి బొగ్గు గనుల నేపథ్యంలో తీసిన 'దసరా' 2023 మార్చి 30న, అంటే శ్రీరామనవమి నాడు వచ్చింది. పేరూ తేదీ రెండూ చెట్టుకొకటి పుట్టకొకటి.

అయితే అలంకారాన్ని బట్టి చెప్పుకుందామా? 2024 సంక్రాంతికి 'నా సామిరంగ' వచ్చింది. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ తెర నిండా కనిపిస్తాయి. దానికి మూలం 2019లో వచ్చిన మలయాళ సినిమా. అక్కడ ఆ కథ జరిగేది ఒక చర్చి తిరునాళ్లలో! కేరళలో చర్చి పండుగ తీసి, ఇక్కడ సంక్రాంతి పెట్టారు. కథ కదలలేదు. చీర మార్చినంత సులువుగా పండుగను మార్చగలిగితే, ఆ పండుగ కథకు పైట చెంగేగాని ప్రాణం కాదని నా అభిప్రాయం.

మరి ప్రాణం ఎక్కడుంటుంది? 2017 జనవరి 14న వచ్చిన 'శతమానం భవతి' చూడండి. ఊళ్లో ముసలి దంపతులు. పిల్లలు విదేశాల్లో. వాళ్లు రారు. రప్పించడానికి ఆ పెద్దాయన విడాకుల మాట ఎత్తవలసి వస్తుంది. అప్పుడు సంక్రాంతికి అందరూ దిగుతారు. ఇందులోంచి పండుగను తీసేయండి, ఏం మిగులుతుంది? పిల్లలు వచ్చే సందర్భమే ఉండదు. అరుగు మీద ఎదురుచూసే తల్లి ఉండదు. ఎడబాసిన వాళ్లు ఇంటికి చేరడమే మన పండుగకు అసలు అర్థం, దాని మీదే కథ నిలబడింది. ఆ ఏడాది ఆరోగ్యకరమైన వినోదాన్నిచ్చిన చిత్రంగా దానికి జాతీయ బహుమతి కూడా వచ్చింది. 2025 జనవరి 14న వచ్చిన 'సంక్రాంతికి వస్తున్నాం' ఉంది. పేరూ సరిపోయింది, తేదీ సరిపోయింది. కథ మాత్రం కిడ్నాపైన ఒక పెద్ద కంపెనీ అధికారిని విడిపించడం. పాత పోలీసాయన, పక్కన ఇల్లాలు, అటు పాత ప్రేయసి. ఆ అమెరికా వాళ్ల తగవులాగే దీనికి నేను సగం మార్కులే వేస్తాను. మిగతా సగం మీ ఇష్టం.

ఇంకొక రకం ఉంది. పండుగ కథ కాకపోయినా చూసేవాళ్లే పండుగ సినిమా చేసుకున్నవి. 'లవకుశ' 1963 మార్చి 29న, శ్రీరామనవమి రోజుల్లో వచ్చింది. తెలుగులో మొదటి పూర్తి రంగుల చిత్రం అది. బండ్లు కట్టుకుని పోయి చూశారు. టెలివిజన్ వచ్చాక శ్రీరామనవమికి అది మళ్లీ మళ్లీ మన ఇళ్లకు వచ్చింది. ఆలోచించండి, ఆ పండుగ సీతారాముల కల్యాణానిది. సినిమా సీతమ్మ అడవుల పాలయిన కన్నీళ్లది. అయినా మనం కాదనలేదు. తలంబ్రాలు పోసిన చేతులతోనే కళ్లు తుడుచుకున్నాం. అలాగే 1978 డిసెంబరు 21న వచ్చిన 'కరుణామయుడు'. విజయచందర్ క్రీస్తుగా నటించారు. దర్శకుడు భీమ్‌సింగ్ ఆ విడుదల చూడకుండానే ఆ ఏడాది జనవరిలో కన్నుమూశారు. తరువాత ఊరూరా తెరలు కట్టి చూపించారు. మన పాత మెదక్ జిల్లాలోనే 1924 డిసెంబరు 25న ప్రారంభమైన పెద్ద చర్చి ఉంది. అక్కడికి క్రిస్మస్‌కు మతంతో పని లేకుండా జనం పోతారు. క్రిస్మస్ పుట్టుక పండుగ. ఆ సినిమా మనసులో నిలిపేది శిలువ. అక్కడా కన్నీళ్లే, ఇక్కడా కన్నీళ్లే. పండుగనాడు నవ్వడమే కాదు, ఒకరి కష్టం కలిసి కూర్చుని తలుచుకోవడం కూడా ఉందని ఈ రెండూ చెపుతున్నాయి.

ఇంతవరకూ వచ్చాం గనుక అసలు సంగతి చెపుతాను. సంక్రాంతి సినిమాలో మన పిల్లలు చూసే సంక్రాంతి ఎవరిది? కోడి పందేలు, ప్రభలు, అరిసెలు, గోదావరి గట్టు. అవన్నీ అందమైనవే, మన సోదరీమణులవే, కాదనను. కాని మన సిద్దిపేటలో సంక్రాంతి అంటే నోములు నోచుకుని పసుపు కుంకుమలతో వస్తువులు పంచుకోవడం, సకినాలు చుట్టడం, మేడల మీద పతంగులు. సంక్రాంతి తరువాత మొదటి ఆదివారం కొమురవెల్లి మల్లన్న దగ్గర పట్నంవారం. పట్నాలు వేసి, ఒగ్గు కథ చెప్పి, ఉగాది దాకా సాగే జాతర అది. ఏ సంక్రాంతి సినిమాలో చూశారు? మన పెద్ద పండుగ బతుకమ్మ. కోమటి చెరువు గట్టున ఎన్ని వందల మంది ఆడతాం! 2014లో రాష్ట్ర పండుగ అయింది. సినిమాలో మాత్రం అది ఎక్కువగా ఒక పాటగా వచ్చి పోతుంది, కథ దాని మీద నిలబడేది అరుదు. తొమ్మిది రోజులు ఆడి, సద్దుల నాడు గౌరమ్మను సాగనంపి వచ్చే ఆడపిల్ల మనసులో ఒక సినిమాకు సరిపోయే కథ లేదంటారా? పుట్టింటికి రాలేకపోయిన పిల్ల కథ ఒక్కటి చాలదూ?

తెరమీద కనిపించిందే పండుగ అని పిల్లలు అనుకుంటే తప్పు వాళ్లది కాదు. సంక్రాంతికి నోమెందుకు పడతామో, దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టి పెద్దల కాళ్లకు ఎందుకు మొక్కుతామో మనం చెప్పకపోతే, తెర చెప్పదు.

అందుకని ఈసారి టిక్కెట్లు తెచ్చే ముందు ఒక్క ప్రశ్న అడగండి. ఈ కథలోంచి పండుగను తీసేస్తే ఏమైనా లోటవుతుందా అని. లోటయితే అది పండుగ సినిమా. కాకపోతే పండుగకు వచ్చిన సినిమా, అంతే. దానికీ పోవచ్చు, తప్పేం లేదు. ఇంకొక్క మాట. వంటింటి పని అందరూ పంచుకుని, ఇల్లాలు కూడా కొత్త చీర కట్టుకుని ఆటకు ముందే హాల్లో కూర్చుంటే, ఏ సినిమా అయినా ఆ ఇంటికి పండుగ సినిమాయే అవుతుంది.