తల ఎంత ఎత్తులో పట్టుకోవాలి?

2024 అక్టోబరులో డీసీ వాళ్ళు ‘అబ్సొల్యూట్ బ్యాట్‌మన్’ మొదలుపెట్టారు. రాసింది స్కాట్ స్నైడర్, బొమ్మలు నిక్ డ్రగోటా. ఇందులో బ్రూస్ వేన్‌కి ఆస్తి లేదు, భవంతి లేదు. రెక్కల కష్టం మీద బతికేవాళ్ళ మధ్య పెరిగిన మనిషి. ఛాతీ మీద ఆ గబ్బిలం గుర్తు ఉంటుంది కదా, దాన్ని ఊడదీస్తే గొడ్డలి తల అవుతుంది. అంతకు మూడు నెలల ముందు ఓనీ ప్రెస్ వాళ్ళు పాత ఈసీ కామిక్స్ పేరుని మళ్ళీ బయటికి తీసి ‘ఎపిటాఫ్స్ ఫ్రమ్ ది అబిస్’ అనే హారర్ కథల సిరీస్ తెచ్చారు. రెండిట్లో నాకు ఎక్కువ నచ్చింది బ్యాట్‌మనే. కొత్త ఈసీ కథల్లో ఆఖరి మెలిక చాలాసార్లు ముందే తెలిసిపోతుంది, పాత ఈసీ చదివినవాళ్ళకైతే మరీను.

ఇలాంటి పుస్తకాల మీద మన స్నేహితుల మధ్య వినపడే అభిప్రాయాలు సాధారణంగా రెండు. ఒకటి, ఇంత నెత్తురు అవసరమా అని. రెండోది, సూపర్‌హీరో కథలోకి హారర్‌ని ఎందుకు లాక్కొస్తున్నారు అని. మొదటిది ఎవరి ఇష్టం వాళ్ళది. రెండోదానికి మాత్రం చరిత్ర వేరే జవాబు చెప్తుంది. హారర్ బయటినుంచి వచ్చింది కాదు, వెళ్ళగొడితే తిరిగొచ్చింది. వెళ్ళగొట్టిన కథలో కూడా ఒక గొడ్డలి ఉంది.

1947లో మాక్స్ గేన్స్ అనే ప్రచురణకర్త పడవ ప్రమాదంలో చనిపోయాడు. అమెరికాలో కామిక్ పుస్తకం అనే వస్తువుని పుట్టించినవాళ్ళలో ఒకడాయన. చివరి రోజుల్లో బైబిల్ కథల్ని బొమ్మల్లో వేస్తూ ‘ఎడ్యుకేషనల్ కామిక్స్’ అనే సంస్థ నడిపాడు. పాతికేళ్ళ కొడుకు విలియం గేన్స్‌కి కెమిస్ట్రీ టీచర్ అవ్వాలని కోరిక. ఇష్టం లేకుండానే వచ్చి కుర్చీలో కూచున్నాడు. కొన్నాళ్ళకి అల్ ఫెల్డ్‌స్టీన్ అనే రచయిత, చిత్రకారుడు తోడయ్యాడు. ఇద్దరూ కలిసి 1950లో హారర్ పత్రికలు మొదలుపెట్టారు: ‘టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్’, ‘ది వాల్ట్ ఆఫ్ హారర్’, ‘ది హాంట్ ఆఫ్ ఫియర్’. సంస్థ పేరులో ఈ అక్షరం అలాగే ఉంది, అర్థం మాత్రం ‘ఎడ్యుకేషనల్’ పోయి ‘ఎంటర్‌టైనింగ్’ అయింది.

అప్పటికి సూపర్‌హీరోల పరిస్థితి ఏమంత బాగాలేదు. 1938లో సూపర్‌మన్‌తో మొదలైన జోరు యుద్ధం అయిపోగానే తగ్గింది. కెప్టెన్ అమెరికా గతి చూడండి. 1949లో ఆయన పత్రిక పేరే ‘కెప్టెన్ అమెరికాస్ వియర్డ్ టేల్స్’ అని మార్చేశారు. ఆ తర్వాతి సంచికలో, అంటే 75వ దాంట్లో, పేరు ఆయనదే గానీ ఆయన కథ ఒక్కటి కూడా లేదు. అన్నీ హారర్ కథలే. అద్దెకొచ్చినవాడు ఇంటి ఓనర్‌ని గెంటేసినట్టు!

ఈసీ కథలకి ఒక పద్ధతి ఉండేది. ఏడెనిమిది పేజీలు, ఒక దుర్మార్గుడు, ఆఖరి పేజీలో వాడికి తగిన శాస్తి. శాస్తి చేసేది ఎక్కువసార్లు శవమే. మొదట్లోనూ చివర్లోనూ వెకిలి జోకులేసే ముసలి వ్యాఖ్యాత ఒకడు. వీటిని గొప్ప సాహిత్యం అననుగానీ, భార్యని చంపే భర్తలు, మర్యాదస్తుల ముసుగులో ఉన్న క్రూరులు, గుంపులో చేరి పొరుగువాణ్ణి కొట్టే దేశభక్తులు ఈ చవకబారు కాగితం మీద కనిపించినంత సూటిగా ఆనాటి పెద్ద పత్రికల్లో కనిపించేవాళ్ళు కాదు. అలాగని వాళ్ళు శుద్ధపూసలేం కాదు. రే బ్రాడ్‌బరీ కథలు రెండు కలిపి చెప్పకుండా వాడేసుకున్నారు. ఆయన గొడవ పడలేదు, నాకు రావాల్సిన డబ్బులు పంపడం మర్చిపోయినట్టున్నారు అని మర్యాదగా ఉత్తరం రాశాడు. వీళ్ళు పంపారు. తర్వాత ఆయన పేరుతోనే చాలా కథలు బొమ్మల్లోకి వచ్చాయి.

ఇక గొడ్డలి. 1954 ఏప్రిల్ 21న న్యూయార్క్‌లో, బాలనేరాల మీద సెనేట్ ఉపసంఘం విచారణ. కామిక్స్ చదివి పిల్లలు చెడిపోతున్నారా అన్నది విషయం. గేన్స్ తనంత తనే వస్తానని వెళ్ళాడు. రాత్రంతా మేల్కొని ప్రకటన రాసుకున్నాడు, నిద్ర రాకుండా ఉండేందుకు బరువు తగ్గించే మాత్రలు మింగాడు. మధ్యాహ్నానికి మాత్రల ప్రభావం దిగిపోయింది. సెనేటర్ ఎస్టెస్ కెఫావర్ ‘క్రైమ్ సస్పెన్‌స్టోరీస్’ 22వ సంచిక అట్ట పైకెత్తి చూపించాడు. జానీ క్రెయిగ్ వేసిన బొమ్మ. ఒకడి చేతిలో నెత్తురు గొడ్డలి, రెండో చేతిలో జుట్టు పట్టుకున్న ఆడమనిషి తల. ఇది మంచి అభిరుచేనా అని అడిగాడు. హారర్ కామిక్ అట్టకి అయితే అవుననే అంటానన్నాడు గేన్స్. మరి చెడ్డ అభిరుచి ఎలా ఉంటుందంటే, తలని ఇంకాస్త ఎత్తులో పట్టుకుని మెడ నుంచి నెత్తురు కారడం కనపడేలా వేస్తే అది చెడ్డ అభిరుచి అన్నాడు.

మర్నాడు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వచ్చింది. గేన్స్ పని అక్కడే అయిపోయింది. ఇక్కడ మనకి నవ్వొస్తుంది గానీ, సంపాదకుడిగా ఆయన చెప్పింది నిజమే. బొమ్మలో ఏది చూపాలి, ఏది ఫ్రేము బయట ఉంచాలి అని రోజూ తేల్చుకునేవాడి జవాబది. సెనేటర్ అడిగింది మాత్రం అది కాదు.

అదే రోజు గేన్స్ కన్నా ముందు సాక్ష్యం చెప్పినవాడు డాక్టర్ ఫ్రెడ్రిక్ వెర్థమ్. జర్మనీలో పుట్టిన మానసిక వైద్యుడు. ఆ ఏడే ఆయన పుస్తకం ‘సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్’ వచ్చింది. సూపర్‌మన్‌లో ఆయనకి ఫాసిజం కనిపించింది, బ్యాట్‌మన్ రాబిన్‌లలో స్వలింగ ప్రేమ, వండర్ వుమన్‌లో ఇంకేదో. కామిక్స్ అభిమానులు ఆయన్ని విలన్‌గా గీసి వదిలేస్తారు. అంత తేలిగ్గా వదిలేయడానికి లేదు. 1946లో హార్లెమ్‌లో ఒక చర్చి భవనం కింది గదిలో, రచయిత రిచర్డ్ రైట్ తోడ్పాటుతో, నల్లవాళ్ళ కోసం మానసిక చికిత్స కేంద్రం పెట్టినవాడు వెర్థమ్. ఫీజు పాతిక సెంట్లు. బడుల్లో వర్ణ విభజన పిల్లల మనసుకి చేసే హాని మీద డెలావేర్ కోర్టులో ఆయన ఇచ్చిన సాక్ష్యం, ఆ విభజన చెల్లదన్న సుప్రీంకోర్టు తీర్పు దాకా వెళ్ళిన కేసుల్లో భాగం. ఆ తీర్పు వచ్చింది 1954 మే 17న. అంటే ఈ కామిక్స్ విచారణ జరిగి నెల తిరక్కముందే.

ఇలాంటి మనిషి ఆ రోజు సెనేటర్ల ముందు ఈసీ వాళ్ళ ‘ది విప్పింగ్’ కథలో మెక్సికన్లని తిట్టే బూతుమాట వరసగా ఎన్నిసార్లు వచ్చిందో ఎత్తి చూపి, పిల్లలకి జాతి ద్వేషం నేర్పడంలో కామిక్స్ వ్యాపారం ముందు హిట్లర్ కూడా పసివాడే అన్నాడు. కథ ఏమిటంటే, తన కూతురు ఒక మెక్సికన్ కుర్రాణ్ణి ప్రేమించడం నచ్చని తండ్రి ముసుగులు వేసుకున్న గుంపుని వెంటేసుకుని చీకట్లో ఆ కుర్రాడి మీద పడతాడు. కప్పేసిన దుప్పటి తీస్తే కింద కొరడా దెబ్బలకి చచ్చిపోయి ఉన్నది కూతురు. ఆ బూతుమాట వాడేది ఆ తండ్రి. జాతి ద్వేషానికి వ్యతిరేకంగా వేసిన కథల్లో అదొకటని గేన్స్ మొత్తుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

నాకు ఈ విచారణలో గొడ్డలి కన్నా ఇదే ఎక్కువ బాధ కలిగిస్తుంది. ఇద్దరూ ఒకే వైపు ఉన్నవాళ్ళు. ఒకడు క్లినిక్‌లో చేసిన పనినే రెండోవాడు పది సెంట్ల పుస్తకంలో చేస్తున్నాడు. వెర్థమ్ మాటలు చదివాడు గానీ, ఆ మాట ఏ పాత్ర నోట్లో ఉంది, ఆ పాత్రకి చివరికి ఏమైంది అని చూడలేదు. సమీక్ష రాసేవాడెవడైనా చేయగల తప్పే ఇది, కాకపోతే ఆయన సమీక్షకి చట్టసభ బలం దొరికింది. 2010లో ఆయన కాగితాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పరిశోధకులకి అందాయి. వాటిని చూసిన కారల్ టిల్లీ, పిల్లలు చెప్పిన మాటల్ని ఆయన పుస్తకంలో ఎక్కడెక్కడ కత్తిరించాడో, కలిపాడో, మార్చాడో 2012లో బయటపెట్టింది.

ప్రభుత్వం నిషేధం పెట్టకముందే ప్రచురణకర్తలే సంఘం కట్టి, 1954 అక్టోబరులో కామిక్స్ కోడ్ రాసుకున్నారు. అట్ట మీద ముద్ర లేకపోతే పంపిణీదారులు ముట్టుకోరు. పేర్లలో హారర్, టెర్రర్ అన్న మాటలు ఉండకూడదు. రక్త పిశాచాలు, తోడేలు మనుషులు, నడిచే శవాలు కుదరవు. పోలీసుల మీదా జడ్జీల మీదా అగౌరవం కలిగించకూడదు. ప్రతి కథలోనూ మంచే గెలవాలి. (ఈ కోడ్ మన చందమామ ఆఫీసుకి చేరి ఉంటే బేతాళుడి పని ఏమయ్యేదో! శ్మశానం, చెట్టుకి వేలాడే శవం, దాన్ని భుజాన వేసుకుని నడిచే రాజు. శంకర్ గారి ఆ బొమ్మ చూస్తూనే తరాల పిల్లలు పెరిగారు.)

ఆ భయం అమెరికాతో ఆగలేదు కూడా. 1954 సెప్టెంబరులో గ్లాస్గోలో వందలమంది పిల్లలు ఇనపపళ్ళ పిశాచాన్ని వేటాడతామని శ్మశానం మీద పడ్డారు. నింద అమెరికన్ కామిక్స్ మీదికి పోయింది. 1955లో బ్రిటన్ పిల్లలకి హాని చేసే ప్రచురణల మీద చట్టం చేసింది. మరుసటేడు, 1956లో, మన పార్లమెంటు కూడా యంగ్ పర్సన్స్ (హార్మ్‌ఫుల్ పబ్లికేషన్స్) యాక్ట్ తెచ్చింది. మన చట్టంలో ‘యంగ్ పర్సన్’ అంటే ఇరవై ఏళ్ళ లోపువాళ్ళు. అంటే డిగ్రీ చదివే కుర్రాడు కూడా!

గేన్స్ సెప్టెంబరులోనే హారర్ ఆపేశాడు. మొదట సంఘంలో చేరనన్నాడు. ముద్ర లేని కొత్త పుస్తకాల కట్టలు విప్పకుండానే వెనక్కి వస్తుంటే చేరక తప్పలేదు. ఆఖరి దెబ్బ ఒక పాత సైన్స్ ఫిక్షన్ కథ దగ్గర తగిలింది. ‘జడ్జిమెంట్ డే’, 1953లో వచ్చింది. రాత ఫెల్డ్‌స్టీన్, బొమ్మలు జో ఒర్లాండో. భూమి నుంచి ఒక వ్యోమగామి రోబోల గ్రహాన్ని తనిఖీ చేయడానికి వెళ్తాడు. అక్కడ నారింజరంగు రోబోలది పెత్తనం, నీలంరంగు రోబోలకి బస్సులో వెనక సీట్లు. పైతొడుగు తప్ప తేడా లేదు. మీరు గెలాక్సీ రిపబ్లిక్‌లో చేరడానికి ఇంకా తయారు కాలేదని చెప్పి అతను వెళ్ళిపోతాడు. ఆఖరి బొమ్మలో హెల్మెట్ తీస్తాడు. నల్లవాడు.

1956లో దీన్ని ‘ఇన్‌క్రెడిబుల్ సైన్స్ ఫిక్షన్’ 33వ సంచికలో మళ్ళీ వేద్దామనుకుంటే, కోడ్ అమలు చూసే మాజీ న్యాయమూర్తి చార్ల్స్ మర్ఫీ ఆ వ్యోమగామి నల్లవాడు కాకూడదన్నాడు. కోడ్‌లో అలాంటి నిబంధన ఎక్కడా లేదు. పైగా జాతిని, మతాన్ని అవమానించకూడదని అందులోనే రాసుంది. గేన్స్, ఫెల్డ్‌స్టీన్ ఒప్పుకోలేదు. చెమట చుక్కలతో సహా బొమ్మ ఉన్నదున్నట్టు అచ్చయింది. ఈసీ వేసిన ఆఖరి కామిక్ పుస్తకం అదే. మిగిలింది ‘మ్యాడ్’ ఒకటి. అప్పటికే మ్యాగజీన్‌గా మారింది కనక కోడ్ దాని జోలికి పోలేదు.

ఖాళీ అయిన అరల్లోకి సూపర్‌హీరో తిరిగొచ్చాడు. 1956లోనే డీసీ కొత్త ఫ్లాష్‌ని తెచ్చింది. టీవీ పోటీ వంటి వేరే కారణాలూ ఉన్నాయి గానీ, హారర్, క్రైమ్ రెండూ ఊడ్చుకుపోకుండా ఉంటే ఈ పునర్జన్మ ఇంత తేలిగ్గా అయ్యేదని అనుకోను. తమాషా ఏంటంటే, వాటేసుకోడానికి కొత్త బట్టలు దొరికాయని హారర్‌కి కూడా తెలిసిపోయింది. మార్వెల్‌లో స్టాన్ లీ, జాక్ కర్బీ అప్పటిదాకా వేస్తున్నవి రాక్షస బొమ్మల కథలు. 1961లో ఫాంటాస్టిక్ ఫోర్‌లో వచ్చిన రాతి మనిషి, 1962లో వచ్చిన హల్క్ ఆ కుటుంబంలో పుట్టినవాళ్ళే. అద్దంలో తన ముఖం చూసుకుని ఏడ్చే హీరో అంతకుముందు సూపర్‌మన్ ప్రపంచంలో లేడు, హారర్ కథల్లో ఉన్నాడు.

1971లో కోడ్ సడలింది. డ్రాకులా, ఫ్రాంకెన్‌స్టైన్ లాంటి పేరున్న సాహిత్యం బాటలో అయితే పిశాచాలు రావచ్చన్నారు. అదే ఏడు స్పైడర్‌మన్ 101లో మోర్బియస్ దిగాడు. జాంబీకి మాత్రం అనుమతి లేదు. డ్రాకులాకి నవలుంది, హైతీ బానిసల నమ్మకాల్లోంచి వచ్చిన జాంబీకి అలాంటి సర్టిఫికెట్ ఎవరిస్తారు? మార్వెల్ వాళ్ళు ‘జువెంబీ’ అని పేరు మార్చి నడిపించేశారు. అంతకుముందు డీసీలో మార్వ్ వుల్ఫ్‌మన్ అనే రచయిత పేరు కూడా కోడ్ వాళ్ళకి అభ్యంతరమైందని ఒక ముచ్చట చెప్పుకుంటారు. పాపం, అది ఇంటిపేరు.

జో ఒర్లాండో తర్వాత డీసీలో సంపాదకుడయ్యాడు. 1971లో ఆయన సంపాదకత్వంలోని ‘హౌస్ ఆఫ్ సీక్రెట్స్’ 92లో లెన్ వీన్, బెర్నీ రైట్‌సన్ ఎనిమిది పేజీల కథ ఒకటి చేశారు. బురదలోంచి లేచిన మనిషి కథ, పేరు ‘స్వాంప్ థింగ్’. 1984లో అలన్ మూర్ రాస్తుండగా ఆ సిరీస్ 29వ సంచికకి కోడ్ ముద్ర ఇవ్వనన్నారు. శవాలు నడుస్తాయి అందులో. డీసీ ముద్ర లేకుండానే అమ్మింది. కొట్లు మూతపడలేదు, ఎవరూ విచారణకి పిలవలేదు. అప్పటికి కామిక్స్ ప్రత్యేక దుకాణాల్లో అమ్ముడుపోతున్నాయి, పాత పంపిణీదారుల భయం తగ్గిపోయింది.

మార్వెల్ 2001లో కోడ్‌ని వదిలేసింది, డీసీ 2011 జనవరిలో. 2018లో వచ్చిన ‘ఇమ్మోర్టల్ హల్క్’ చదివితే కర్బీ ఎక్కడ మొదలుపెట్టాడో ఆ చోటికే అల్ ఎవింగ్ తిరిగి వెళ్ళినట్టుంటుంది: పగలు చచ్చిపోయే మనిషి, రాత్రి లేచే హల్క్. ఇటీవలి సూపర్‌హీరో హారర్‌లో నేను ముందుగా చదవమని చెప్పేది ఇదే, అబ్సొల్యూట్ బ్యాట్‌మన్ ఆ తర్వాత.

కోడ్ ముద్ర హక్కులు 2011లోనే చేతులు మారాయి. ఇప్పుడవి కామిక్ బుక్ లీగల్ డిఫెన్స్ ఫండ్ వాళ్ళ దగ్గరున్నాయి. కామిక్స్ మీద పడే సెన్సార్ కేసుల్లో కోర్టులో నిలబడి వాదించడం ఆ సంస్థ పని.